గర్భిణిని ఆ ఒక్క ప్రశ్న అడిగించండి: జిల్లా వైద్యాధికారికి బహిరంగ లేఖ

జిల్లా వైద్య, ఆరోగ్యశాఖ అధికారి గారికి నమస్కారం.

అర్జీలకు జవాబు రాలేదు కాబట్టి నలుగురి ముందూ రాస్తున్నాను సార్. మా అమ్మకి బీపీ పెరిగి నెలలు నిండకుండానే నేను పుట్టాను, అక్కకీ అదే జరిగింది, అక్క బిడ్డ దక్కలేదు. మొన్న చెల్లెలు గర్భిణిగా పేరు రాయించుకోవడానికి వెళ్తే బరువు చూశారు, రక్తం తీశారు, "మీ అమ్మకి, అక్కకి కాన్పులు ఎలా అయ్యాయమ్మా?" అని మాత్రం ఎవరూ అడగలేదు.

తల్లికో అక్కచెల్లెళ్లకో ప్రీఎక్లాంప్సియా, అంటే కడుపుతో ఉండగా బీపీ పెరిగే ప్రమాదకరమైన జబ్బు, వచ్చి ఉంటే గర్భిణికీ ఆ ముప్పు ఎక్కువని డాక్టర్లకి తెలిసిందే. అవసరమైనవాళ్లకి డాక్టరు సలహాతో 16 వారాల్లోపే తక్కువ మోతాదు ఆస్పిరిన్ మొదలుపెడితే ఆ ముప్పు తగ్గుతుంది, అదేమీ ఖరీదైన మందు కాదు. ఆ సంగతి ఏడో నెలలో కాళ్లు వాచాక బయటపడితే ఏం లాభం సార్?

మొదటి చెకప్‌లోనే ఇది అడిగి, జవాబు తల్లీబిడ్డల కార్డులో రాయాలని ఏఎన్‌ఎంలకి, పీహెచ్‌సీలకి రాతపూర్వకంగా ఆదేశాలివ్వండి. చెల్లెలికి ఇప్పుడు మూడో నెల, జవాబు ఈ వారంలోనే కావాలి.