ఆకుపచ్చ రంగు కింద తాతయ్య నంబరు

ఒరేయ్ సుబ్బూ,

ఇన్నాళ్లూ జవాబు రాయలేదని ఎంత తిట్టినా పడతాను. అమ్మ మోకాళ్లు అలాగే ఉన్నాయి, బుడ్డోడు పదో తరగతికొచ్చాడు, నేను అదే సీటు, అవే ఫైళ్లు. విశేషాలు అయిపోయాయి. అసలు సంగతి విను.

నాన్నమ్మ అరిసెల డబ్బా దాచే ఆకుపచ్చ ట్రంకు పెట్టె గుర్తుందా? అదే, మన 'పిల్లి కేసు' పెట్టె! సంక్రాంతికి వెళ్తే మూత మీద రంగు పెచ్చులూడి, కింద తెల్లటి గీతలు కనిపించాయి. బ్లేడుతో మెల్లగా గీకాను. ముందు ఓ 4, తర్వాత 1... వరసగా అంకెలు! కింద ఇంగ్లీషులో తాతయ్య పేరు, ముందు ఎస్‌పీఆర్. అంటే సాపర్, సైన్యంలో ఇంజనీరింగ్ దళం సిపాయి. మనవైపు వాళ్లు చేరింది మద్రాస్ సాపర్స్ దళంలోనే కదా! నాకు ఒళ్లు జలదరిస్తుంటే, మా అత్తేమో "పండగపూట పెట్టె పాడుచేస్తావేంట్రా" అని ఒకటే గోల.

తాతయ్య సైన్యం రికార్డులు వెతకడానికి ఈ సర్వీసు నంబరు లేకే ఇన్నేళ్లూ దారి దొరకలేదురా. రెండో ప్రపంచయుద్ధంలో మన సైన్యం 25 లక్షల మంది. ఉత్త పేరు పట్టుకుని ఎక్కడని వెతుకుతాం? కామన్వెల్త్ యుద్ధ సమాధుల జాబితాలో ఉండేది చనిపోయినవాళ్లే. మా తాతయ్య నిక్షేపంగా తిరిగొచ్చి నా చెవి మెలేసి ఎక్కాలు చెప్పించాడాయె! మొత్తానికి బెంగళూరు రికార్డు ఆఫీసుకి నంబరు రాసి స్పీడు పోస్టు చేశాను.

ఇంకో తమాషా. పెదనాన్న ఊరంతా చాటే 'విక్టోరియా క్రాస్', అదే బ్రిటిషోళ్ల అత్యున్నత సాహస పతకం, ఆ పెట్టె అడుగునే ఉంది. ఆరు మొనల నక్షత్రం, చుట్టూ స్పష్టంగా 'ది బర్మా స్టార్' అని! రిబ్బను మాసినా నీలం, ఎరుపు, నారింజ చారలు తెలుస్తున్నాయి. బర్మా పోరులో పనిచేసిన అందరికీ ఇచ్చిందే అది. సాపర్లంటే రోడ్లు, వంతెనలు వేసి, మందుపాతరలు ఏరేవాళ్లు. పెదనాన్న కథల్లోనేమో తాతయ్య ఒక్కడే జపానోళ్లని తరిమేశాడు.

నాకైతే ఆ సాపర్ల పనే ఎక్కువ భయం అనిపించింది. 1944లో బర్మా సరిహద్దు దగ్గర, జపానోళ్లతో ఇంఫాల్ పోరు మార్చి నుంచి జులై దాకా, వానాకాలం నడిమధ్య వరకూ సాగింది. "బురదలో కంచరగాడిదలు కూరుకుపోయేవిరా" అనేవాడు తాతయ్య. తర్వాతేమైందంటే చుట్ట వెలిగించేవాడు. అప్పుడే గట్టిగా పట్టుకుని అడిగుంటే... పోనీలే.

కొరియర్ కుర్రాడు వచ్చేశాడు, కవరు అంటించేస్తున్నా. పెదనాన్న కనిపిస్తే పతకం మాట ఎత్తకు, ఆ సంగతి నేనే ఎలాగో

నీ
రాజా