కాంబో బోర్డులు తీసేశాను, ఆంప్ కొనే ముందు ఇది ఒక్కసారి చదవండి

మన షాపుకి వచ్చేవాళ్లందరికీ నమస్కారం. మెట్లెక్కి పైకి రాగానే ఎడమ గోడకి కనిపించే మూడు బోర్డులు, అంటే ‘కచేరీ కాంబో’, ‘పాత పాటల కాంబో’, ‘మాస్ బీట్ కాంబో’, ఈ నెల నుంచి ఉండవు. హెడ్‌ఫోన్, ఆంప్ (హెడ్‌ఫోన్‌కి పవర్ ఇచ్చే ఆంప్లిఫైయర్), కేబుల్ కలిపి ఒకే రేటుకి ఇచ్చే ప్యాకేజీలు ఆపేస్తున్నాను. “ఆ ఆఫర్ ఇంకా ఉందా అన్నా?” అని ఫోన్లు వస్తున్నాయి. ఒక్కొక్కరికీ అరగంట చెప్పే బదులు అందరికీ ఒకేసారి రాస్తున్నాను.

వ్యాపారంగా చూస్తే ఇది నాకు నష్టమే. హెడ్‌ఫోన్ మీద మిగిలేది చాలా తక్కువ, ఆన్‌లైన్ రేటు చూపించి అందరూ బేరమాడతారు. ఆంప్ మీద కాస్త మిగులుతుంది, కేబుల్ మీద బాగా మిగులుతుంది. కాంబో అంటే ఈ లైన్‌లో ఎవరికైనా అసలు లాభం హెడ్‌ఫోన్‌ది కాదు, దాని వెనకాల వెళ్లే రెండు వస్తువులది. మరి ఎందుకు ఆపుతున్నానంటే, ఆ బోర్డులు చూసినవాళ్లు వినే పాటని బట్టి ఆంప్ ఎంచుకోవాలి కాబోలు అనుకుంటున్నారు. పాటని బట్టి ఎంచుకోవాల్సింది హెడ్‌ఫోన్‌ని. ఆంప్‌ని ఎంచుకోవాల్సింది ఆ హెడ్‌ఫోన్‌ని బట్టి. ఈ వరస తిరగబడితే డబ్బు వృథా.

లెక్కతోనే చెబుతాను. మన దగ్గర ఎక్కువగా పోయే సెన్‌హైజర్ హెచ్‌డీ 650 తీసుకోండి. 2003లో వచ్చిన మోడల్, ఇప్పటికీ అడుగుతూనే ఉంటారు. ఇంపీడెన్స్, అంటే కరెంట్‌కి అది ఇచ్చే అడ్డు, 300 ఓమ్‌లు. ఆ 300 చూసి భయపడి “దీనికి పెద్ద ఆంప్ కావాలట కదండీ” అంటారు. కంపెనీ ఇచ్చిన సెన్సిటివిటీ, అంటే ఎంత ఇస్తే ఎంత సౌండ్ వస్తుందనే లెక్క, ఒక వోల్టుకి 103 డెసిబెల్స్. చెవులు దిబ్బళ్లు వేసే 110 డెసిబెల్స్ పీక్ (క్షణంపాటు లేచే గరిష్ఠ సౌండ్) తాకాలన్నా దానికి కావాల్సింది రెండుంపావు వోల్టులు, పవర్‌లో చెబితే 17 మిల్లీవాట్లు. వాట్లు కాదు, మిల్లీవాట్లు. ఆడెజె ఎల్‌సీడీ ఎక్స్ అయితే 20 ఓమ్‌లు, ఒక మిల్లీవాట్‌కి 103 డెసిబెల్స్. అదే 110కి దానికి 5 మిల్లీవాట్లు చాలు, వోల్టులో మూడో వంతు కూడా అక్కర్లేదు. ఆరు వందల గ్రాముల పైన బరువు, లక్ష దాటే ధర చూసి దాని పక్కన బండరాయంత ఆంప్ పెట్టాలనిపిస్తుంది. పెట్టండి, అందంగా ఉంటుంది. అవసరం మాత్రం లేదు.

అదే హైఫైమాన్ సుస్వర దగ్గర ఈ మాట చెల్లదు. 60 ఓమ్‌లు, ఒక మిల్లీవాట్‌కి 83 డెసిబెల్సే. 110 తాకాలంటే అర వాట్ కావాలి, హెచ్‌డీ 650కి కావాల్సిన దానికి దాదాపు ముప్పై రెట్లు. వోల్టులు అయిదున్నర, కరెంట్ 90 మిల్లీ ఆంపియర్లు. ఇలాంటి దానికి ఆంప్ మీద ఖర్చు పెట్టమని నేనే చెబుతాను. 600 ఓమ్‌ల బేయర్‌డైనమిక్ డీటీ 990 వీటి మధ్యన ఉంటుంది. పవర్ 25 మిల్లీవాట్లే కానీ వోల్టులు నాలుగు దాకా కావాలి. చాలా ఫోన్ డాంగిల్స్ (ఫోన్‌కి హెడ్‌ఫోన్ తగిలించే చిన్న అడాప్టర్లు) ఒక వోల్టు దగ్గరే ఆగిపోతాయి కాబట్టి అక్కడ మామూలు డెస్క్‌టాప్ ఆంప్ ఒకటి పెట్టుకోవడం న్యాయం.

ఇప్పుడు పాటల సంగతి. ఆంప్‌కీ పాటకీ అసలు సంబంధమే లేదా అంటే ఒకటుంది. కాకపోతే అందరూ అనుకునేదానికి తలకిందులుగా ఉంటుంది. “నేను వినేది అంతా మాస్ బీట్లే, పవర్ బాగా ఉన్న ఆంప్ ఇవ్వండి” అని కుర్రాళ్లు అడుగుతారు. నిజానికి పవర్ ఎక్కువ కావాల్సింది వాళ్లకి కాదు, పక్క కుర్చీలో కూర్చుని పాత కచేరీ రికార్డింగ్ వినే మాస్టారికి. ఇప్పటి సినిమా పాటని మిక్సింగ్‌లో బాగా నొక్కేసి, మొదటి నుంచి చివరి దాకా ఒకే గట్టితనంతో ఇస్తారు. సగటు స్థాయికీ పీక్‌కీ మధ్య తేడా సుమారు 10 డెసిబెల్స్. మీరు సగటున 80 డెసిబెల్స్‌తో వింటే పీక్ 90 దగ్గర ఆగుతుంది. కచేరీలో ఆలాపన సన్నగా మొదలై, తని ఆవర్తనంలో, అంటే లయ వాద్యాలు మాత్రమే వాయించే భాగంలో, మృదంగం దెబ్బ ఒక్కసారిగా లేస్తుంది. ఆ తేడా 20 దాకా ఉంటుంది. అదే 80 సగటుకి పీక్ 100 దాకా వెళుతుంది. పైగా పాత టేపు నుంచి డిజిటల్‌కి ఎక్కించినప్పుడు లెవెల్ ఇంకో 10 కిందికి పెట్టి ఉంటే, నాబ్ ఇంకా అంత పైకి తిప్పాలి. పీక్‌లు చూస్తే 90కీ 100కీ మధ్య 10 డెసిబెల్స్. అంటే పవర్‌లో పది రెట్లు! మాస్ పాటకి చాలిన దానికి పది రెట్లు ఆ నెమ్మదైన కచేరీకి కావాలి. నాబ్ చివరి దాకా తిప్పినా సౌండ్ చాలడం లేదని మా దగ్గరికి వచ్చేవాళ్లు చాలావరకు శాస్త్రీయ సంగీతం వినేవాళ్లే. కారణం ఇదే.

హెడ్‌ఫోన్ విషయంలో మాత్రం పాట తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. గాత్రం ముఖ్యమైతే హెచ్‌డీ 600, 650 పక్కన పెట్టి వేరేది చూపించడానికి నాకు మనసొప్పదు. ఘంటసాల గొంతు ఆ బరువుతో, ఆ నిండుదనంతో ఎదురుగా నిలబడుతుంది. ఒకటో శ్రుతిలో పాడే గాయకుడి వెనక తంబురా మంద్ర తీగ 65 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది. అంతవరకు వీటికి ఇబ్బంది లేదు. మృదంగం ఎడమ వైపు అరచేతి అడుగుతో నొక్కి జార్చే నాదం ఉంటుంది చూడండి, అది కూడా వంపుతో సహా వినిపిస్తుంది. ఆ కిందికి దిగితేనే తేలిపోతాయి. 40 హెర్ట్జ్, 30 హెర్ట్జ్ అంటే ఇప్పటి పాటల్లో సింథ్ బేస్ ఉండే చోటు. అక్కడ ఎల్‌సీడీ ఎక్స్ లాంటి ప్లానార్‌దే (పలచని పొర మొత్తం కదిలి శబ్దం చేసే రకం) రాజ్యం, 20 హెర్ట్జ్ దాకా దాదాపు సమంగా వెళుతుంది. హెచ్‌డీ 650కి ఎంత ఖరీదైన ఆంప్ పెట్టినా ఆ బేస్ రాదు. డ్రైవర్‌లో, అంటే హెడ్‌ఫోన్ లోపలి స్పీకర్‌లో, లేనిది ఆంప్ ఎక్కడి నుంచి తెస్తుంది?

డీటీ 990 ట్రెబుల్, అంటే పైస్థాయి శబ్దం, 8 వేల హెర్ట్జ్ ప్రాంతంలో బాగా పొడుచుకుని ఉంటుంది. గేమింగ్‌కీ, కొన్ని ఎలక్ట్రానిక్ ట్రాకులకీ హుషారుగా ఉంటుంది. ఆడగొంతులో స, ష, శ వచ్చినప్పుడల్లా చెవిలో సూది గుచ్చినట్టు ఉంటుంది, పాత రికార్డింగుల్లో టేపు గరగర పైకి లేస్తుంది. లతా, జానకమ్మ పాటలు ఎక్కువగా వినేవాళ్లకి నేను ఇవ్వను. అడిగి మరీ కొంటే వేరే సంగతి.

పాత పాటలు వినేవాళ్లకి ఇంకో మాట. 1950లు, 60లలో మన పాటల రికార్డింగులు దాదాపు అన్నీ మోనో, అంటే ఒకే ఛానెల్. మోనో పాట ఏ హెడ్‌ఫోన్‌లో విన్నా తల మధ్యలోనే వినిపిస్తుంది. సెన్‌హైజర్‌దే హెచ్‌డీ 800 ఎస్ గొప్పతనమంతా శబ్దాన్ని విశాలంగా పరచడంలో ఉంది. పరచడానికి రికార్డింగ్‌లో రెండో ఛానెలే లేనప్పుడు ఆ డబ్బు దేనికి? దానికి ఆర్కెస్ట్రా ఇవ్వండి, హాల్లో నేరుగా రికార్డ్ చేసిన జుగల్‌బందీ ఇవ్వండి, అప్పుడు దాని విలువ తెలుస్తుంది.

ట్యూబ్ ఆంప్ (ట్రాన్సిస్టర్ల బదులు గాజు వాల్వులతో పనిచేసేది) గురించి అడగని రోజు ఉండదు. నాకూ ఇష్టమే, ఇంట్లో ఒకటి ఉంది. కానీ ఆ ‘వెచ్చదనం’లో మ్యాజిక్ ఎంతో లెక్క ఎంతో చెప్పాలి. ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ లేని ఓటీఎల్ ట్యూబ్ ఆంప్‌ల ఔట్‌పుట్ ఇంపీడెన్స్ (ఆంప్ తన వైపు నుంచి పెట్టే అడ్డు) ఎక్కువ, 100 ఓమ్‌ల పైన కూడా ఉంటుంది. హెచ్‌డీ 650 ఇంపీడెన్స్ పేరుకి 300 గానీ, 100 హెర్ట్జ్ లోపు 500 దాకా లేస్తుంది. 120 ఓమ్‌ల ఆంప్‌తో కలిపితే ఆ చోట సుమారు ఒక డెసిబెల్ బేస్ పెరుగుతుంది. గొంతుకి కాస్త ఒళ్లు వచ్చినట్టు, మృదంగం నిండుగా ఉన్నట్టు అనిపించడంలో పెద్ద భాగం ఇదే. ఔట్‌పుట్ ఇంపీడెన్స్ హెడ్‌ఫోన్‌దాంట్లో ఎనిమిదో వంతు మించకూడదని రూలొకటి ఉంది. ఆ రూల్ తప్పడమే ఇక్కడ రుచి! అదే ఆంప్‌కి 20 ఓమ్‌ల ప్లానార్ తగిలిస్తే వోల్టేజ్‌లో ఆరింట అయిదు వంతులకి పైగా ఆంప్‌లోనే ఆగిపోతుంది, డిస్టార్షన్ పెరుగుతుంది. ప్లానార్ ఇంపీడెన్స్ సమంగా ఉంటుంది కాబట్టి ఆ బేస్ పెంపు కూడా దక్కదు. ఇంకోటి, 6080 లాంటి పవర్ ట్యూబ్ ఒక్కదాని హీటరే 15 వాట్ల పైన తాగుతుంది. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో విజయవాడలో, ఏసీ లేని గదిలో దాన్ని పక్కన పెట్టుకుని కూర్చోగలరా అన్నది కూడా చూసుకోండి.

ఏసీ మాట వచ్చింది కాబట్టి ఫ్యాన్ సంగతీ చెప్పాలి. ఓపెన్ బ్యాక్ (వెనక తెరిచి ఉండి బయటి శబ్దం లోపలికి వచ్చే హెడ్‌ఫోన్) కొనేవాళ్లలో ఎక్కువమంది నెత్తిమీద సీలింగ్ ఫ్యాన్ నంబర్ అయిదులో తిరుగుతుండగా వింటారు. ఆ హోరులో తంబురా జీవా (తీగ కింద దారంతో వచ్చే ఝంకారం), వీణ మీట అణగిపోయాక మిగిలే తీగ నాదం సగం మునిగిపోతాయి. వాళ్లు తర్వాత వచ్చి డీటెయిల్ కోసం పెద్ద ఆంప్ అడుగుతారు. ఆంప్ ఫ్యాన్‌ని ఆపదు కదండీ. ఆ గదికి మంచి క్లోజ్‌డ్ బ్యాక్ మేలు. చెవికి చెమట పడుతుంది, అది భరించాల్సిందే.

డాలస్, న్యూజెర్సీల నుంచి బావగారో అమ్మాయో తెచ్చిన ఆంప్‌లు పట్టుకుని వచ్చేవాళ్లకి ఒక హెచ్చరిక. ప్లగ్ మార్చే కన్వర్టర్ పెట్టి నేరుగా గోడకి పెట్టకండి. అడాప్టర్ వెనక సన్న అక్షరాల్లో ‘100–240’ అని ఉంటే దిగుల్లేదు. ‘120’ అని మాత్రమే ఉంటే మన 230 వోల్టులకి లోపలి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, లేదా మన వోల్టేజ్ అడాప్టర్ దొరికితే అది. ల్యాప్‌టాప్ చార్జర్ తీసేస్తే గుయ్‌మనే శబ్దం ఆగుతోందా? అయితే తప్పు ఆంప్‌ది కాకపోవచ్చు, ముందు ఇంట్లో ఎర్తింగ్ చూపించండి.

ఇక షాపులో మారేవి. డెమో గదిలో రెండు ఆంప్‌లు పోల్చాలంటే ఇక నుంచి సౌండ్ సమానం చేసే వినిపిస్తాను. 400 హెర్ట్జ్ టోన్ పెట్టి, హెడ్‌ఫోన్ తగిలించి, మల్టీమీటర్‌తో రెండింటి వోల్టేజ్ ఒకటి చేస్తాను. ఒక్క డెసిబెల్ గట్టిగా ఉన్నది ఎవరికైనా మెరుగ్గా వినిపిస్తుంది, అమ్మేవాడి చెయ్యి నాబ్ మీద ఉంటే ఏ ఆంప్‌నైనా గెలిపించొచ్చు. సమానం చేశాక తేడా తెలియకపోతే చౌకదే తీసుకోండి, నేను మొహం మాడ్చుకోను. మీ పాటలు మీ ఫోన్‌లో డౌన్‌లోడ్ చేసి తెచ్చుకోండి. షాపు పాటలన్నీ బాగా రికార్డ్ చేసినవి, వాటితో అన్నీ బాగుంటాయి.

ముందు హెడ్‌ఫోన్ ఒక్కటే తీసుకెళ్లి, మీ ఫోన్‌కి డాంగిల్‌తో వారం పది రోజులు వినండి. సౌండ్ చాలకపోతే అప్పుడు రండి. డిపాజిట్ కట్టి శని, ఆదివారాలకి ఆంప్ ఇంటికి తీసుకెళ్లే ఏర్పాటు చేశాను. గతంలో కాంబో తీసుకున్నవాళ్లలో ఎవరికైనా ఆంప్ మూలన పడి ఉంటే తెండి, కండిషన్ చూసి ఎక్స్‌చేంజ్ చేస్తాను. వేలల్లో పలికే కేబుళ్ల ర్యాక్ ఎత్తేశాను. తెగిపోయినవాళ్లకి మార్చడానికి కావాల్సినవే ఉంచాను. 4.4 ఎంఎం బ్యాలెన్స్‌డ్ ప్లగ్ (ఆంప్ నుంచి ఎక్కువ వోల్టేజ్ తీసుకునే రకం) వేయించుకోవాలంటే సోల్డరింగ్ చేసిస్తాం, కాకపోతే హెచ్‌డీ 650కి దాని అవసరం ఎంతో పైన లెక్కలోనే ఉంది.

ఇప్పుడున్న స్టాక్ పాత రేటుకే, 18 శాతం జీఎస్టీ కలిపి. కొత్త లాట్‌కి రేటు పెరుగుతుంది, డాలర్ మన చేతిలో లేదు. సుస్వర షాపులో స్టాక్ పెట్టడం లేదు, డెమో పీస్ ఉంది, ఆర్డర్ మీదే తెప్పిస్తాను. ట్యూబ్ ఆంప్ వినాలనుకునేవాళ్లు మాత్రం అరగంట ముందు ఫోన్ చేసి బయల్దేరండి, వేడెక్కించి ఉంచుతాను.