భువనగిరి కోట మీద జరిగింది ఇదీ

తల్లిదండ్రులకు నమస్కారం.

శనివారం ఏడో తరగతి పిల్లలను భువనగిరి కోటకు తీసుకెళ్లాం. బస్సు తిరిగి రాకముందే వాట్సాప్ గ్రూపులో "కోట మీంచి పడ్డాడట", "కోతి కరిచిందట" అని మొదలైంది. పడ్డమాట నిజమే. కోట మీంచి కాదు, కింద మూడో మెట్టు మీద. బ్యాగులోంచి తొంగిచూస్తున్న చిప్స్ ప్యాకెట్టును కోతి లాగింది. బాబు వదల్లేదు, కోతీ వదల్లేదు. ప్యాకెట్టు చిరిగింది, మనవాడు వెనక్కి పడ్డాడు. మోచేతి దగ్గర కాస్త తోలు లేచింది. కోతి కరవలేదు, గీరలేదు. డాక్టరు గారికీ చూపించాం. పట్టీ వేయించుకుని పైదాకా ఎక్కినవాడు వాడే!

చిప్స్ ప్యాకెట్లు వద్దు, బూట్లు తప్పనిసరి అని సర్క్యులర్‌లో రాశాం, మీ సంతకాలూ ఉన్నాయి. అయినా పదకొండు మంది చెప్పులతో వచ్చారు. ఒక పాప బ్యాగులో రెండు కూల్‌డ్రింకులున్నాయి, మంచినీళ్లు లేవు. ప్రేమకొద్దీ పెట్టారని తెలుసండీ. బస్సెక్కేముందు బ్యాగులు చూడకపోవడం మా తప్పే, ఇకపై గేటు దగ్గరే చూస్తాం. "మా వాడికి మెట్లెక్కే అలవాటు లేదు మేడమ్, లిఫ్టే" అని ఒకరు ఫోన్ చేశారు. లేదనే కదా తీసుకెళ్లింది!

ఇకమీదట గుట్టలు వద్దు, రిసార్టుకు తీసుకెళ్లండి అంటున్నారు కొందరు. అది మాత్రం నా వల్ల కాదు. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన మలావత్ పూర్ణకు అప్పటికి 14 ఏళ్లు కూడా నిండలేదు. గురుకులంలో చదువుకుంటున్న ఆ అమ్మాయి, తనతో పాటు ఎక్కిన ఆనంద్, బండలెక్కడం నేర్చుకున్నది ఈ భువనగిరిలోనే. మన పిల్లలంతా ఎవరెస్ట్ ఎక్కాలని కాదు. ఒకే బండగా ఉన్న ఈ గుట్ట మీద దిగేటప్పుడు పాదం అడ్డంగా వేయాలని ఏ పుస్తకం చెప్పినా ఎక్కదు. ఒకసారి జారితే కాలికే తెలుస్తుంది. చాళుక్య రాజు త్రిభువనమల్ల విక్రమాదిత్యుడి పేరు మీదే త్రిభువనగిరి అన్న పేరొచ్చి, అదే భువనగిరి అయిందని క్లాసులో నాలుగుసార్లు చెప్పాను. పైకెక్కి ఆయాసపడుతూ విన్నప్పుడు గానీ ఒక్కరూ తిరిగి ప్రశ్న అడగలేదు.

క్లాసులో నోరు విప్పని ఒక పాప, కోట మీద రాతి గుంటలో నీళ్లు చూసి "ఇంత పైకి ఎవరు మోశారు మేడమ్?" అంది. మళ్లీ తనే వంగి, బండ వాలును వేలితో చూపించి, "వానే!" అంది. నాకైతే కళ్లు చెమర్చాయి. ఇద్దరు అబ్బాయిలు దిగుతూ సంచీ నిండా ప్లాస్టిక్ ఏరారు, సగం మనది కాకపోయినా.

పరీక్షల టైంటేబుల్ డైరీలో ఉంది, ఫీజు పదో తేదీలోపు కట్టండి, బస్సు వేళలు మారలేదు.

డిసెంబరులో ఎనిమిదో తరగతిని మూసీ పుట్టే అనంతగిరి కొండలకు తీసుకెళ్తున్నాం. అనుమతి పత్రం సోమవారం వస్తుంది. దయచేసి ఈసారి చదివి సంతకం పెట్టండి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు