కాలు కోసి ప్రాణం నిలిపే చీమలు

ఒరేయ్ రవీ,

నీ ఉత్తరం అందింది. మందూ మాకూ లేకుండా అడవిలో ప్రాణులు ఎలా బతుకుతాయిరా అని అడిగావు. నువ్వు విన్న ఒరాంగుటాన్ (తోకలేని పెద్ద కోతి) సంగతి నిజమే. 2022 జూన్‌లో, సుమత్రాలో, రాకుస్ అనే మగ ఒరాంగుటాన్ ముఖం మీద గాయమైతే ఒక తీగ ఆకులు నమిలి, ఆ రసం పదేపదే పూసి, చివరికి నమిలిన ముద్దతో గాయాన్ని కప్పేసింది. కొద్ది రోజుల్లోనే గాయం మూసుకుంది.

నన్ను మాత్రం చీమలు కట్టిపడేశాయిరా! ఫ్లోరిడా కార్పెంటర్ చీమల మీద 2024లో ఎరిక్ ఫ్రాంక్ అనే శాస్త్రవేత్త బృందం ఒక పరిశోధన ప్రచురించింది. చీమకి తొడ దగ్గర దెబ్బ తగిలిందనుకో, తోటి చీమ ముందు గాయాన్ని నాకి శుభ్రం చేస్తుంది. తర్వాత కాలు వెంబడే పైకి జరిగి, మొదట్లో ఉన్న కీలు దగ్గర కొరకడం మొదలుపెడుతుంది. కాలు తెగిపోయేదాకా వదలదు. కనీసం 40 నిమిషాల పని. దెబ్బతిన్నది పెనుగులాడదు, కాలు అందిస్తుంది! అలా కోస్తే 90 శాతం దాకా బతికాయి, కోయకపోతే సగం కూడా మిగల్లేదు.

అదే పిక్క దగ్గర దెబ్బైతే కోయవు, చాలాసేపు నాకి ఊరుకుంటాయి. తొడ కండరాలే రక్తంలాంటి ద్రవాన్ని ఒంట్లోకి తోస్తాయి. అవి దెబ్బతింటే ఆ ప్రవాహం మందగిస్తుంది కాబట్టి సూక్ష్మజీవులు పాకేలోపు కోయడానికి టైం ఉంటుంది. పిక్క గాయంలో అంత టైం ఉండదు. ఇంత లెక్క ఆ చిన్న ప్రాణికి ఎలా అబ్బిందో తలుచుకుంటే ఒళ్ళు పులకరిస్తుంది.

మొక్కలూ ఇలాగే ఒక ముక్క వదులుకుంటాయి. ఆకులోకి రోగం తెచ్చే బూజు దిగితే, చుట్టూ ఉన్న కణాలు తమంతట తామే చచ్చిపోతాయి. బతికున్న కణాల్లోంచే తిండి లాక్కునే బూజు అక్కడే ఆగిపోతుంది. మనకి కనిపించేది గుండుసూది తలంత గోధుమరంగు చుక్క. (అన్ని మచ్చలూ ఇవే అనుకోకు, చాలావాటిలో రోగానిదే గెలుపు.) తర్వాత ఆస్పిరిన్‌కి దగ్గరి చుట్టమైన సాలిసిలిక్ ఆమ్లం మొక్కలో పెరిగి, మిగతా ఆకులు కూడా ముందే సిద్ధమవుతాయి.

బల్లి తోక సంగతి నీకు తెలిసిందే. కానీ అది ఊరికే వదిలేది కాదు. తోకలో దాచుకున్న కొవ్వు దాంతోపాటే పోతుంది, మళ్ళీ మొలిచే తోకలో ఎముక బదులు మృదులాస్థే ఉంటుంది.

గొంగళిపురుగు కొరికితే మొక్కజొన్న తన వాసనతో కందిరీగల్ని రప్పించుకునే కథ ఇంకోటుంది, అది వచ్చే ఉత్తరంలో రాస్తాను. నువ్వు వెంటనే జవాబు రాయి.

నీ
మోహన్