ఫ్యాన్ కొక్కేనికి పంచింగ్ బ్యాగా?

సంపాదకులకు నమస్కారం.

ఇంట్లోనే వ్యాయామ గదిని అమర్చుకోవడం గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. మిగతా సలహాలతో నాకు పేచీ లేదు. కానీ గదిలో ఫ్యాన్ తీసేస్తే కొక్కెం ఖాళీయే కనుక పంచింగ్ బ్యాగును దానికే తగిలించుకోవచ్చన్న మాట చూసి ఊరుకోలేక ఈ లేఖ రాస్తున్నాను. నేను ముప్పై ఏళ్లకు పైగా భవన నిర్మాణ పనులు చూసి విరమించిన సివిల్ ఇంజినీరును.

మా నిజామాబాద్‌లో ఈ సంగతికి ప్రత్యేకమైన అవసరం ఉంది. మా ఊరి ఆడపడుచు నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లోనూ, 2023లో ఢిల్లీలోనూ ప్రపంచ విజేతగా నిలిచింది. ఈ ఊరివాడే అయిన హుసాముద్దీన్ 2023లో తాష్కెంట్‌లో కాంస్యం తెచ్చాడు. ఆ తరువాత ఇక్కడి పిల్లలకు బాక్సింగ్ మీద మోజు పెరగడంలో వింతేమీ లేదు. మా మనవడు కూడా 35 కిలోల బ్యాగు కొనుక్కుని, మేడ మీది గదిలో ఫ్యాన్ విప్పించి దాని స్థానంలో వేలాడదీశాడు. ఇంజినీరు ఇంట్లోనే జరిగిన పని ఇది. నేను ఆ గదికి వెళ్లి చూడనేలేదు. రెండు నెలల తరువాత నేల మీద సిమెంటు పొడి రాలుతోందని మా కోడలు చెబితే నిచ్చెన వేసుకుని టార్చి పట్టి చూశాను. కొక్కెం కాంక్రీటులోకి దిగే చోట చువ్వ తుప్పు పట్టి సగానికి సగం సన్నబడి ఉంది. ఆ పూటే బ్యాగు దింపించాను.

ఇంటి ఫ్యాను బరువు సుమారు అయిదు కిలోలు. శ్లాబు పోసేటప్పుడు సెంట్రింగ్ మీద ఫ్యాన్ బాక్సు పెట్టి, చువ్వను వంచి పై చువ్వలకు కట్టేది ఆ బరువును దృష్టిలో పెట్టుకునే. బ్యాగు బరువు అందుకు ఏడెనిమిది రెట్లు. పైగా ఫ్యాను ఉన్నచోటే తిరుగుతుంది, బ్యాగు ఊగుతుంది. దెబ్బకు నిలువు గీత నుంచి 30 డిగ్రీలు పక్కకు పోయి తిరిగి వచ్చే బ్యాగు, అడుగున ఉన్న క్షణంలో తన బరువుకు ఒకటింపావు రెట్లకు కాస్త ఎక్కువే కొక్కేన్ని లాగుతుంది. 60 డిగ్రీలు పోతే సరిగ్గా రెండు రెట్లు లాగుతుంది, అంటే 40 కిలోల బ్యాగు 80 కిలోలవుతుంది. కింది నుంచి గట్టిగా కొట్టినప్పుడు గొలుసు వదులై మళ్లీ ఒక్క కుదుపుతో బిగిసే సందర్భంలో లాగుడు ఇంకా ఎక్కువ. ఇనుప తీగను చేత్తో అటూ ఇటూ వంచి తెంపుతాం చూడండి, రోజూ వందల సార్లు ఆ కొక్కేనికి జరిగేది అదే. పడ్డ రోజున దాని కిందే పిల్లవాడు ఉంటాడు.

శ్లాబు కూలుతుందేమోనని కొందరు భయపడతారు. ఆ భయం అక్కరలేదు. నివాస గదుల శ్లాబును చదరపు మీటరుకు 200 కిలోల అదనపు భారం లెక్కన డిజైన్ చేస్తారు. సరిగా కట్టిన శ్లాబుకు ఒక బ్యాగు పెద్ద బరువు కాదు. చిక్కంతా బ్యాగును శ్లాబుకు కలిపే ఆ ఒక్క చోటే.

నన్నడిగితే అన్నిటికన్నా నమ్మకమైన పద్ధతి రెండు బీముల మధ్య ఒక ఇనుప చానల్ (సి ఆకారపు ఇనుప దూలం) వేసి, రెండు చివరలకూ ప్లేట్లు వెల్డింగ్ చేయించి, వాటిని బీముల పక్క ముఖాలకు బోల్టులతో బిగించడం. అప్పుడు బరువు బోల్టును కాంక్రీటులోంచి బయటికి పీకదు, అడ్డంగా కోయడానికి చూస్తుంది. ఇనుము దాన్ని బాగా తట్టుకుంటుంది. బీము అడుగు భాగంలో మాత్రం డ్రిల్లు పెట్టనివ్వకండి, అసలైన చువ్వలు ఎక్కువగా అక్కడే ఉంటాయి. బీములు అందుబాటులో లేక శ్లాబుకే బిగించక తప్పకపోతే ఒక్క బోల్టు చాలదు, నాలుగు బోల్టుల ప్లేటు కావాలి. కొట్టగానే విచ్చుకుని పట్టే మామూలు యాంకర్ బోల్టులు ఎడతెగని కుదుపులకు వదులవుతాయి కాబట్టి రసాయన జిగురుతో పట్టే యాంకర్లు మేలు. అయితే రంధ్రంలోని దుమ్మును బ్రష్షుతో రుద్ది, గాలి ఊది పూర్తిగా తీయాలి. లేకపోతే జిగురు పట్టేది కాంక్రీటును కాదు, దుమ్మును. ప్లాస్టరింగ్ మందాన్ని బోల్టు దిగిన లోతులో కలిపి లెక్కవేసే మేస్త్రీలను నేను చాలామందిని చూశాను. అది లెక్కలోకి రాదు. కరెంటు పైపులు ఎక్కువగా ఫ్యాన్ బాక్సు వైపే వచ్చి చేరతాయి కనుక దాని పక్కనే డ్రిల్లు చేయడం మరో ప్రమాదం.

జిప్సం బోర్డు ఫాల్స్ సీలింగుకు ఏదీ తగిలించకూడదు. బ్యాగును గోడకు వేలాడదీసే బ్రాకెట్‌కు నాలుగున్నర అంగుళాల అడ్డగోడ కూడా పనికిరాదు.

పాత మిద్దె ఇళ్లలో, పెంకుటిళ్లలో టేకు దూలాలు ఉంటాయి. వాటిని చూసి చాలామంది ధైర్యపడి, ఒక దూలం అడుగున మర కొక్కేన్ని తిప్పి వదిలేస్తారు. అలా చేస్తే కర్ర ఈనె చీలవచ్చు, ఊపుకు మర వదులవచ్చు. రెండు మూడు దూలాలకు అడ్డంగా పైనుంచి ఒక గట్టి కర్రనో ఇనుప పైపునో వేసి, బ్యాగును దానికి కట్టడం మంచిది. ముందుగా ప్రతి దూలాన్నీ, ముఖ్యంగా గోడలోకి దిగే చివరలను, స్క్రూడ్రైవరుతో పొడిచి చూడాలి. చెద తిన్న కర్ర పైకి నునుపుగానే కనిపిస్తుంది. అమెరికాలో ఉన్న మనవారి ఇళ్లకూ ఇదే వర్తిస్తుంది. అక్కడ జిప్సం బోర్డు వెనక సాధారణంగా 16 అంగుళాలకొకటిగా కర్ర దూలాలుంటాయి. వాటిని వెతికి పట్టుకుని అడ్డకర్ర వేయాలే గానీ బోర్డుకు బిగిస్తే లాభం లేదు. పైకప్పు త్రికోణపు చట్రాలదైతే, వాటి అడుగు కర్ర మీద ఇలాంటి బరువు వేసే ముందు ఇంజినీరును అడగాలి.

గొలుసు సంగతి కూడా ఒక మాట. నోరు తెరిచి ఉండే ఎస్ ఆకారపు కొక్కేలు ఊపుకు విచ్చుకుంటాయి. మూసుకుని మర బిగిసే డి షాకిల్ వాడాలి. పైన ఒక స్ప్రింగు ఉంటే కుదుపు తగ్గుతుంది, కింద ఇంటివారికి చప్పుడూ తగ్గుతుంది. అద్దె ఇంట్లో ఉండేవారికి ఇసుక నింపే స్టాండు కొనుక్కోవడమే సుఖం. ఊగుడు అంత బాగుండదని మా మనవడు సణిగినా ఇప్పుడు దాని మీదే సాధన చేస్తున్నాడు.

ఫ్యాన్ కొక్కెం గురించిన ఆ వాక్యాన్ని సవరిస్తూ వచ్చే ఆదివారం అనుబంధంలో నాలుగు ముక్కలు వేయవలసిందిగా మిమ్మల్ని కోరుతున్నాను. బ్యాగులు అమ్మేవారికి కూడా ఒక విన్నపం. మా మనవడు కొన్న పెట్టెలో బిగించే విధానం ఇంగ్లీషులో మాత్రమే ఉంది, అది కూడా కర్ర దూలాల ఇంటికి రాసింది. శ్లాబు ఇళ్లకు సరిపోయే సూచనలను తెలుగులో ఒక కాగితం మీద అచ్చువేసి ఆ పెట్టెలో పెట్టడానికి పెద్ద ఖర్చు కాదు.

ఇట్లు,
ఒక విశ్రాంత సివిల్ ఇంజినీరు,
నిజామాబాద్