పూరీ వెళ్లే కార్లు వంశధార దగ్గర ఆగాలి

సంపాదకులు గారికి,

నమస్కారం. వేసవి సెలవుల ప్రయాణాల మీద మీ పత్రికలో వచ్చిన పేజీ చదివాను. విశాఖ నుంచి కారులో పూరీకి ఎలా వెళ్లాలో, టిఫిను ఎక్కడ చేయాలో, చిలికా ఎన్నింటికి చేరతారో బాగా రాశారు. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల గురించి మాత్రం రోడ్డు బాగుంటుంది, తొందరగా దాటేయవచ్చు అన్న ఒక్క ముక్కతో సరిపెట్టారు. ఆ రోడ్డు మీద ఆర్టీసీ బస్సు నడిపి రిటైరైనవాణ్ణి. ఆ మాట నాకు చాలా బాధ కలిగించింది.

పూరీలో ఇప్పుడు మనం చూసే జగన్నాథుడి గుడిని కట్టించడం మొదలుపెట్టినవాడు అనంతవర్మ చోడగంగదేవుడు. ఆయన పట్టాభిషేకం 1078లో జరిగింది. ఆయన తూర్పు గాంగ వంశపు రాజు. ఆ వంశపు రాజధాని కళింగనగరం. అది మన వంశధార ఒడ్డునున్న శ్రీముఖలింగమేనని చరిత్రకారులు చెబుతారు. పూరీ గుడికి మొక్కడానికి బయలుదేరిన కుటుంబం, ఆ గుడి కట్టించిన రాజుగారి ఊరికి కొద్ది దూరంలోంచే ఏసీ వేసుకుని వెళ్లిపోతోంది. పక్కన ఏముందో చెప్పేవాళ్లు లేకపోతే వాళ్లు మాత్రం ఏం చేస్తారు?

మా వీధి అబ్బాయి ఒకడు హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాడు. మొన్న ఫోను చేసి, "మావయ్యా, పిల్లల్తో పూరీ ఎల్తన్నాం, మన దగ్గర ఆగి సూడ్డానికి ఏటుంది?" అన్నాడు. ఇక్కడే పుట్టి పెరిగినవాడు అడిగిన మాట అది. వాడికి చెప్పిందే మీ పాఠకులకూ చెబుతాను.

శ్రీకాకుళం దాటి నరసన్నపేట వైపు వస్తుంటే మడపాం దగ్గర హైవే వంశధారను దాటుతుంది. మొత్తం ప్రయాణానికి ఆ వంతెనే గుర్తు. దాని మీద ఒడిశా వైపు ముఖం పెట్టి వెళుతుంటే, ఎడమ చేతి వైపు ఎగువన పాత మట్టికోట ఉన్న దంతవరపుకోట, శ్రీముఖలింగం. కుడి చేతి వైపు దిగువన శాలిహుండం, ఏరు సముద్రంలో కలిసే చోట కళింగపట్నం. ఎగువన రాజధాని, మధ్యలో బౌద్ధుల కొండ, మొగ దగ్గర రేవు. ఒక రాజ్యం ఎలా బతికిందో ఒక్క ఏటి ఒడ్డునే కనిపిస్తుంది. కోస్తా ప్రయాణం అనగానే అందరూ బీచ్‌ల పేర్లు రాసుకుంటారు. మన దగ్గర చరిత్ర ఇసుక మీద లేదు, ఏరు పట్టుకుని లోపలికి వెళితే ఉంది. నా మాటల్లో ఈ ఒక్కటి గుర్తుపెట్టుకున్నా చాలు.

ఇక వేళల సంగతి. మే నెలలో మా దగ్గర ఎండ కంటే ఉక్కపోత ఎక్కువ బాధ పెడుతుంది. పొద్దున్న పదకొండు నుంచి సాయంత్రం నాలుగు దాకా బయట తిరగకూడదు, ముఖ్యంగా చిన్నపిల్లలు, పెద్దవాళ్లు. గుళ్లు కూడా మధ్యాహ్నం మూసేస్తారు. కాబట్టి రోజును రెండు ముక్కలు చేసుకోవాలి. విశాఖ నుంచైనా, విజయనగరం నుంచైనా చీకటితో బయలుదేరండి. టైర్లలో గాలి ఆ చల్లటి వేళే చూపించుకోండి. ఎండలో పరిగెత్తి వేడెక్కిన టైరులో గాలి ఎక్కువున్నట్టు చూపిస్తుంది, అది చూసి గాలి తీయించేస్తే చల్లారాక తక్కువైపోతుంది. ఇంజిను వేడెక్కి ముల్లు పైకి పోతే బండి పక్కకు తీసి ఆపండి, రేడియేటరు మూత మాత్రం వెంటనే తిప్పకండి. ఆ పని చేసి ముఖం కాల్చుకున్నవాళ్లను చూశాను.

మొదటి పూట అరసవల్లి, శ్రీకూర్మం. అరసవల్లి సూర్యనారాయణమూర్తి పాదాల మీద కిరణాలు పడేది మార్చి, అక్టోబరు నెలల్లో కొద్ది రోజులే. వేసవిలో వచ్చి అది కనబడలేదని నిరాశ పడకండి. శ్రీకూర్మం అక్కడికి ఎంతో దూరం లేదు. విష్ణుమూర్తిని కూర్మరూపంలో కొలిచే గుడి అది. స్వామి పడమటి ముఖంగా ఉంటాడు, ధ్వజస్తంభాలు రెండు. చాలామంది దర్శనం చేసుకుని, నక్షత్ర తాబేళ్లను పిల్లలకు చూపించి వచ్చేస్తారు. దయచేసి ప్రదక్షిణ మండపంలో నెమ్మదిగా నడవండి. స్తంభాల మీద శాసనాలున్నాయి, గోడల మీద పాత రంగుల బొమ్మలున్నాయి. వాటిని చేత్తో తాకవద్దని పిల్లలకు ముందే చెప్పండి.

మధ్యాహ్నం శ్రీకాకుళంలో భోజనం చేసి, ఫ్యాను కింద ఒక కునుకు తీయండి. నాలుగు దాటాక శాలిహుండం. మెట్లెక్కి పైకి వెళితే ఇటుక స్తూపాలు, చైత్యాల పునాదులు, విహారాల గదులు వరసగా కనిపిస్తాయి. కింద వంశధార. వేసవి కాబట్టి నీటికంటే ఇసకే ఎక్కువ కనిపిస్తుంది, అయినా ఈ కొండనే ఎందుకు ఎంచుకున్నారో అక్కడ నిలబడితే ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. రేవుకు వచ్చే వర్తకుల దారి ఇది. భిక్షువులకు అన్నం పెట్టేవాళ్లు ఆ దారినే వచ్చి ఉంటారని నేను అనుకుంటాను. బౌద్ధులు కొలిచిన దేవతలు తారాదేవి, మారీచి విగ్రహాలు అక్కడి మ్యూజియంలో ఉన్నాయి. తెరిచి ఉండే వేళలు ముందుగా కనుక్కుని వెళ్లండి. ఈ శిథిలాల సంగతి 1919లో లోకానికి తెలిపింది వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారు. ఆయన పుట్టింది కూడా ముఖలింగం దగ్గరి పర్వతాలపేటలోనే. ఆయన పేరు చదువుకున్న ప్రతి తెలుగు పిల్లవాడూ ఈ కొండ ఒకసారి ఎక్కాలని నా కోరిక.

అక్కణ్ణుంచి కళింగపట్నం దగ్గరే. లైట్‌హౌస్, పాత రేవు తాలూకు గుర్తులు, సాయంత్రపు గాలి. ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను: మొగ దగ్గర నీళ్లలో దిగకండి. పైకి మోకాలు లోతే కనిపిస్తుంది, కింద లాగుడు ఉంటుంది. దిగవచ్చో లేదో అక్కడి మత్స్యకారులను అడగండి, వాళ్లు వద్దంటే వద్దు. రాత్రికి శ్రీకాకుళంలో నైట్ హాల్ట్.

రెండో రోజు తెల్లవారుజామునే ముఖలింగం. నరసన్నపేట దగ్గర హైవే వదిలి జలుమూరు మీదుగా వెళ్లాలి. మధుకేశ్వరుడు, భీమేశ్వరుడు, సోమేశ్వరుడు, మూడు గుళ్లు. సోమేశ్వరాలయం శిఖరం చూస్తే భువనేశ్వర్ గుళ్లు గుర్తొస్తాయి. రేపు అక్కడికి వెళ్లాక పిల్లలు వాళ్లంతట వాళ్లే, ఇలాంటిది నిన్న చూశాం కదా అంటారు. మధుకేశ్వరాలయంలో గడపల చుట్టూ చెక్కిన తీగలు, ఆకులు, మనుషులు ఎంతసేపు చూసినా తరగవు. నేను ఆ రూటులో డ్యూటీ పడినప్పుడల్లా, బస్సు ఆగిన కాసేపట్లోనే లోపలికి వెళ్లి ఒక్కో ద్వారం చూసి వచ్చేవాణ్ణి. ఇప్పటికీ కొత్త బొమ్మ కనిపిస్తూనే ఉంటుంది. ఈ గుడికి మాత్రం గంట కాదు, ఒక పూట ఇవ్వండి. దంతవరపుకోట ఏటికి అవతలి ఒడ్డున సరుబుజ్జిలి వైపుంది. అక్కడ మట్టికోట గట్లు తప్ప పెద్దగా కనిపించవు కాబట్టి చరిత్ర మీద ఇష్టం ఉన్నవాళ్లకే చెబుతాను.

తర్వాత టెక్కలి దగ్గర రావివలస. ఎండల మల్లికార్జునస్వామికి పైకప్పు లేదు, ఆకాశం కిందే పెద్ద లింగం. తేలినీలాపురం పక్షుల కోసం వేసవిలో రావద్దు. పెలికాన్లు, ఎర్రకాళ్ల కొంగలు చలికాలపు చుట్టాలు, ఎండలు ముదిరేసరికి వెళ్లిపోతాయి. పలాసలో జీడిపప్పు, మందసలో కోవా కొనుక్కోండి. మందసలో వాసుదేవ పెరుమాళ్ గుడి ఉంది, పడమట మహేంద్రగిరి కనిపిస్తుంది. సాయంత్రానికి బారువ. మహేంద్రతనయ నది సముద్రంలో కలిసేది అక్కడే, అదీ ఒకప్పటి రేవే. అక్కడి నుంచి ఇచ్ఛాపురం, ఆ పైన ఒడిశా.

పలాస, ఇచ్ఛాపురం చుట్టుపక్కలి ఉద్దానంలో తోటల మధ్య దారి చల్లగా ఉంటుంది. కానీ సాయంత్రం పడమటి కొండల మీద నల్లబడితే గాలివాన వస్తుందని అర్థం. అప్పుడు కొబ్బరి చెట్ల కింద, చింతచెట్ల కింద కారు పెట్టకండి. దారిలో దాహానికి రంగు సీసాలు వద్దు. ముంజెలు తినండి, కొబ్బరి బొండాలు, ఎక్కడైనా దొరికితే చోడి (రాగి) అంబలి తాగండి.

విజయనగరం వైపు నుంచి వచ్చేవాళ్లు బయలుదేరే ముందు రోజే అక్కడి కోట చూడవచ్చు, 1713లో పునాది వేసిన కోట అది. రామతీర్థంలో గుడితో పాటు కొండల మీద బౌద్ధ, జైన శిథిలాలున్నాయి. బొబ్బిలిని ఈ ప్రయాణంలో ఇరికించవద్దు, 1757 యుద్ధం నాటి ఊరు, వీణలు చేసే గొల్లపల్లి వేరే ట్రిప్పుకు తగిన ఊళ్లు. సమయం ఉంటే పొందూరు తిరగండి. వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి సన్నటి నూలు వడికే ఆడవాళ్లు అక్కడింకా ఉన్నారు. వేసవికి ఆ ఖద్దరు కంటే మంచి బట్ట నేను ఎరగను.

ఇంత చెప్పి, అధికారులకు కూడా నాలుగు మాటలు చెప్పాలి. మడపాం వంతెనకు రెండు వైపులా ఎగువన ఏముందో, దిగువన ఏముందో పెద్ద అక్షరాల్లో బోర్డులు పెట్టండి. తెలుగుతో పాటు ఒడియాలో కూడా రాయండి, అటునుంచీ కార్లు చాలా వస్తాయి. నరసన్నపేట మలుపుకు బోర్డు మలుపు దగ్గర కాకుండా కిలోమీటరు ముందే ఉండాలి. వేగంగా వచ్చే బండికి మలుపు దగ్గరి బోర్డు ఉపయోగపడదు, అది చూసి సడన్ బ్రేకు వేస్తే వెనక లారీ ఉంటుంది. గుళ్లలో రాతి నేల మీద కొబ్బరి పీచు పట్టాలు పరిచి, వాటిని నీళ్లతో తడుపుతూ ఉండండి. ఎండాకాలం ప్రదక్షిణ చేస్తున్న ముసలమ్మలు అరికాళ్లు కాలి పరుగులు పెట్టడం చూస్తే కడుపు తరుక్కుపోతుంది. శాలిహుండం మెట్ల దగ్గర మంచినీళ్లు, మధ్యలో కూర్చోవడానికి నీడ, ఆడవాళ్లకు శుభ్రమైన మరుగుదొడ్డి కావాలి. పెద్ద పెద్ద రిసార్టుల కంటే ముందు ఇవి కావాలి.

చివరగా ఆర్టీసీకి ఒక విన్నపం. కార్లు లేనివాళ్లకూ సెలవులుంటాయి, వాళ్ల పిల్లలకూ చరిత్ర పాఠం ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో ఆదివారం పూట శ్రీకాకుళం కాంప్లెక్సు నుంచి ఒక్క బస్సు వేయండి. పొద్దున్న ఐదున్నరకు ముఖలింగం వెళ్లి పదకొండు లోపు తిరిగి రావాలి. అదే బస్సు మూడున్నరకు శ్రీకూర్మం, శాలిహుండం, కళింగపట్నం తిప్పి ఎనిమిదికి కాంప్లెక్సులో దించాలి. గుడి వేళలకు, ఎండకు సరిపోయేలా చార్టు రాసివ్వమంటే సంతోషంగా రాసిస్తాను. మొదటి ఆదివారం బస్సులో కూర్చుని, ఏ మలుపులో ఏముందో ప్రయాణికులకు చెప్పడానికి కూడా సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఆర్టీసీ డ్రైవరు,
నరసన్నపేట, శ్రీకాకుళం జిల్లా