మా నాన్నకు బండి చప్పుడు వినిపించింది

ఒరేయ్ మావా,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలైంది. తప్పు నాదేరా, ఏమీ అనుకోకు. రోజూ రాత్రి రాద్దామని కూర్చోవడం, గోళ్లలో ఇంజనాయిల్ వదిలేసరికి నిద్ర ముంచుకురావడం, ఇదే సరిపోయింది. ఇవాళ మా పెదబావ పుణే వస్తున్నాడు. ఇది ఆయన చేతికిచ్చి పంపుతున్నా. స్టేషన్‌కి ఆటో వచ్చేలోపు ఎంత రాయగలిగితే అంత.

ఇంటి కబుర్లు గబగబా చెప్పేస్తా. అమ్మ మోకాలు కాస్త నయం. చిన్నదానికి పరీక్షలైపోయాయి. మీ వీధి చివర చింతచెట్టు కొట్టేశారు, ఈసారి వచ్చినప్పుడు అటు వెళ్లకు, నీకు బాధేస్తుంది. నువ్వడిగిన కందిపొడి బావ సంచిలో ఉంది. అంతే.

అసలు సంగతి. మా నాన్నకు బండి చప్పుడు వినిపించిందిరా! చెవిలో వినికిడి మిషన్ లేకుండా!

మొదట్నుంచీ చెప్తా ఉండు. 1987 నాటి మా హీరో హోండా సీడీ 100 బండి నీకు కొత్తేం కాదు, సోడాబండిని గుద్దిన రోజున దాని మీద ముందు కూర్చున్నది నువ్వే కదా. (ఆ మచ్చ ఇంకా ఉంది. ట్యాంకు మీద సొట్ట కూడా తీయించలేదు, తీయించను.) సంక్రాంతి తర్వాత ఒకరోజు కిక్కు కొట్టగానే ఎడమవైపు నుంచి గరగరమని మొదలైంది. రేకు డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టు. రేజ్ ఇస్తే తగ్గేది, యాక్సిలరేటర్ వదలగానే మళ్లీ గరగర. వాల్వుల్ని నొక్కే ట్యాపెట్లేమో అనుకుని, సందు కొలిచే 0.05 మిల్లీమీటర్ల బ్లేడు పెట్టి సర్దాను. మార్పు లేదు. అయినా ట్యాపెట్ చప్పుడు అలా ఉండదు మావా, అది కుట్టుమిషన్‌లా టిక్ టిక్‌మని లెక్క తప్పకుండా వస్తుంది. దీనికి లెక్కే లేదు.

తెనాలిలోనే ఒక షెడ్డులో చూపించాను. మూత కూడా విప్పలేదు, బోరు (సిలిండర్ లోపలి గోడ) పోయింది, ఇంజన్ మొత్తం దించాలన్నాడు. ఇంకొక చోట పాత ఇనుముకి అమ్మేసుకోమన్నారు. ఆ మాట నాన్న పక్కన నిలబడి ఉండగానే అన్నారురా. ఈయనకెలాగూ వినిపించదు కదా అని. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. నాన్న వినలేదు, నిజమే, కానీ నా మొహం చూశాడు కదా... పోనీలే.

తర్వాతి ఆదివారం విజయవాడ ఆటోనగర్ వెళ్లాను. అక్కడ ఒక పెద్దాయన, ఫోన్‌లో నేను రికార్డు చేసుకెళ్లిన చప్పుడు రెండుసార్లు విని, "బోరు జోలికి పోకు బాబూ, టైమింగ్ చైను చూసుకో. ముందు కింద పుష్ రాడ్ తీసి చూడు" అన్నారు. డబ్బులిస్తే తీసుకోలేదు.

మీ ఇంట్లో రాజ్‌దూత్ కాబట్టి ఈ చైన్ గొడవ నీకు తెలియదు. టూ స్ట్రోక్, దానికసలు వాల్వులే లేవు. మాది ఫోర్ స్ట్రోక్. వాల్వులు తెరిచే క్యామ్ పైన, సిలిండర్ మూత అయిన హెడ్‌లో ఉంటుంది, దాన్ని తిప్పే క్రాంకు (పిస్టన్ తిప్పే ఇరుసు) కింద ఉంటుంది. రెంటినీ కలిపేది వేలెడు వెడల్పు కూడా లేని ఒక చిన్న చైను. క్రాంకు రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక చుట్టు తిరగాలి. చైను సాగింది అంటుంటాం కానీ ఇనుము సాగదు మావా. ఒక్కో లింకులో పిన్నూ బుష్షూ వెంట్రుకవాసి అరుగుతాయి, ఆ అరుగుదలంతా కూడి చైను పొడుగవుతుంది. ఆయిల్ సమయానికి మార్చకపోతే ఇంకా తొందరగా. పాత సీబీ 750 లాంటి హోండాలకైతే లాక్‌నట్ వదులు చేసి, చైను బిగువుగా పట్టే టెన్షనర్ మనమే సర్దాలి. సీడీలో దానంతటదే సర్దుకుంటుంది. కింద ఒక స్ప్రింగు, దాని మీద పుష్ రాడ్, అది టెన్షనర్‌ని చైను మీదికి నెడుతుంది. రాడ్‌లోకి చేరిన నూనె దాన్ని వెనక్కి జారనివ్వదు. ఆ నూనె నిలవకపోతే చైను కొట్టుకుంటుంది.

సరే, ఆయిల్ దించేసి, ఇంజన్ కింద ఎడమవైపు ఉన్న 14 నంబరు బోల్టు విప్పాను. స్ప్రింగు నా అరచేతిలోకి దూకింది, వెనకే రాడ్. దాని కొసన ఉన్న రబ్బరు గోరుతో నొక్కితే గోరే విరిగేలా ఉంది. కొత్త రాడ్, కొత్త స్ప్రింగు వేశాను. చప్పుడు సగం తగ్గింది. సగమే. ఆ మిగిలిన సగం నన్ను పది రోజులు నిద్రపోనివ్వలేదు.

ఇక్కడ నాన్న వచ్చాడు చూడు.

నాన్న చెవుల సంగతి నీకు తెలుసు కదా, చీము పట్టి పట్టి చివరికి అరిస్తే తప్ప వినిపించని స్థితి. పోయినేడు గుంటూరులో చెవి డాక్టరు ఒక ఇనప కవ్వంలాంటిది మోగించి చెవి దగ్గర పెడితే నాన్న తల అడ్డంగా ఊపాడు. అదే చెవి వెనక ఎముక మీద ఆనిస్తే, "ఆ, మోగుతోంది" అన్నాడు. లోపలి చెవి బాగుంది, బయటి దారే పాడైంది, ఎముక గుండా పోతే వినిపిస్తుందని డాక్టర్ చెప్పారు. నేను విని మర్చిపోయాను. నాన్న మర్చిపోలేదు.

ఆ సాయంత్రం బండి స్టార్ట్ చేసి వదిలాను. నేను పొడుగు స్క్రూడ్రైవర్ మొన ఇంజన్ మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని వింటున్నా, మెకానిక్‌లు చేసినట్టు. నాన్న అరుగు మీంచి లేచొచ్చి స్క్రూడ్రైవర్ నా చేతిలోంచి తీసుకున్నాడు. పిడిని చెవిలో కాదురా, చెవి వెనక ఎముకకి గట్టిగా ఒత్తుకున్నాడు. మొన హెడ్ మీద పెట్టాడు. కళ్లు మూసుకున్నాడు.

ఎంతసేపటికీ మాట్లాడడు. నాకు టెన్షన్.

"పైన కుట్టుమిషన్ ఉంది" అన్నాడు. ట్యాపెట్లు! మొన కిందికి జరిపాడు, పుష్ రాడ్ దగ్గరికి. "ఇక్కడ ఏం లేదు." మళ్లీ పైకి తెస్తూ సిలిండర్ నడుమ, ఎడమ పక్కన చిన్న బోల్టు ఒకటి ఉంటుంది, దాని మీద ఆగాడు. చటుక్కున కళ్లు తెరిచాడు. "ఇక్కడ్రా. ఇక్కడెవరో తలుపు కొడుతున్నారు."

అది గైడ్ రోలర్ బోల్టు మావా! చైను మధ్యలో ఊగకుండా పట్టే రబ్బరు రోలర్ సరిగ్గా ఆ బోల్టు వెనకే ఉంటుంది. నాన్నకు ఆ సంగతి తెలియదు. ఆయన జీవితంలో ఆ ఇంజన్ విప్పి చూడలేదు, నడిపాడంతే.

తర్వాత ఇంజన్ ఆపనిస్తేనా. ఏడేళ్లయిందట ఆ చప్పుడు సరిగ్గా విని. పావుగంట సేపు అలాగే వంగి... నేను లోపలికి వెళ్లిపోయాను, అక్కడ నిలబడలేకపోయాను.

మర్నాడు హెడ్ దించాను. క్యామ్ మీది పళ్లచక్రం, అదే స్ప్రాకెట్, విప్పేముందు చైనుకి బైండింగ్ వైరు కట్టి హ్యాండిల్‌కి తగిలించాను, జారి లోపల పడకుండా. ఆ బోల్టు తీసి రోలర్ బయటికి లాగితే ఏముంది, వక్కలా గట్టిపడింది. చైను రెండు అంచులూ కోసుకుపోయి చుట్టూ రెండు గాళ్లు, మధ్యలో గట్టు. ఒకవైపు పెచ్చు ఊడిపోయింది. ఆ పెచ్చు ఇంజన్ అడుగున సంప్‌లో ఆయిల్ జాలి దగ్గర దొరికేదాకా నాకు ఊపిరాడలేదు.

ఎలాగూ అంత విప్పాం కదా అని క్రాంకు కొసన ఉండే మాగ్నెట్ చక్రాన్ని లాగే పుల్లర్ అడిగి తెచ్చి చైను కూడా మార్చాను. పాత చైను ఒక కొస పట్టుకుని అడ్డంగా చాపితే వాడిన తోటకూర కాడలా పక్కకి వాలిపోయింది. కొత్తది దాదాపు తిన్నగా నిలిచింది. ఆ రెండూ పక్కపక్కన పట్టుకుని నాన్న చాలాసేపు చూశాడు.

టైమింగ్ పెట్టడం మాత్రం చెమటలు పట్టించింది. మాగ్నెట్ మీద 'టీ' అక్షరం దగ్గరి గీత ఇంజన్ మీది గుర్తుకి ఎదురుగా తేవాలి, స్ప్రాకెట్ మీద సున్నా హెడ్ మీది గాటుకి ఎదురుగా రావాలి. రెండూ కుదిరాయనే బిగించాను. చేత్తో రెండు చుట్లు తిప్పి చూస్తే సున్నా ఒక పన్ను పక్కకి ఉంది! బిగించేటప్పుడు చైను వదులు ఒక పక్కకి చేరిందన్నమాట. అప్పుడే కిక్కు కొట్టి ఉంటే సరిగా స్టార్టయ్యేదీ కాదు, లాగేదీ కాదు. మళ్లీ విప్పి, వదులంతా టెన్షనర్ వైపుకి వచ్చేలా చైను లాగిపట్టి పెట్టాను. రెండు చుట్లు, మళ్లీ రెండు చుట్లు. గుర్తు కదల్లేదు. కొత్త హెడ్ గాస్కెట్, నాలుగు నట్లూ ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించడం, ఇదంతా అయ్యేసరికి రాత్రి పదకొండు.

అమ్మ కేకలేస్తూనే ఉంది, పొద్దున చూసుకోవచ్చు కదరా అని. నాన్న స్క్రూడ్రైవర్ పట్టుకుని సిద్ధంగా నిలబడ్డాడు, ఎలా ఆగను? మూడో కిక్కుకి పలికింది. మెత్తగా, నూనెలో తిరిగినట్టు. నాన్న మొన ఆ బోల్టు మీద పెట్టాడు. నేను ఆయన మొహమే చూస్తున్నా. "తలుపు కొట్టట్లేదు" అన్నాడు. ఆ తర్వాత స్క్రూడ్రైవర్ తీసి, పిడి నా చెవి వెనక పెట్టి, "నువ్వూ విను" అని

ఆటో వచ్చేసింది, బావ హారన్ కొట్టిస్తున్నాడు. మిగతాది మళ్లీ రాస్తా. కందిపొడి డబ్బా పక్కన చిన్న స్టీలు డబ్బా ఉంటుంది, అందులో పాత రోలర్ పెట్టాను. దాని మీది గాళ్లు వేలితో తడిమి చూడు. పారేయకు, వచ్చేటప్పుడు వెనక్కి తే, నాన్న అడుగుతాడు.

నీ
హాఫ్ టీ